అమ్మ డబ్బాలో నాన్న మాత్ర

మా ఇంట్లో మందుల డబ్బాలు రెండు. నాన్నది ప్లాస్టిక్ డబ్బా. వారానికి ఏడు గళ్ళు, ఒక్కో గడిలో పొద్దుటికీ రాత్రికీ వేరువేరు అరలు. నేనే కొని తెచ్చాను. అందులో ఏ మాత్ర ఎందుకో, ఏది ఒక్క రోజు కూడా మానకూడదో నాకు తెలుసు, తమ్ముడికి తెలుసు, అమ్మకైతే కంఠస్థం. అమ్మది పాత బిస్కెట్ల రేకు డబ్బా. సగం వాడిన స్ట్రిప్పులు, రబ్బరుబ్యాండు చుట్టిన చీటీలు, పిన్నీసులు, ఏదో గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం. నిరుడు శ్రావణమాసం దాకా ఆ డబ్బాని నేను తెరిచి చూడలేదు.

ఆ శ్రావణ శుక్రవారం అమ్మ పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 6.8. "ఆడవాళ్ళకి రక్తం తక్కువేలే, దానికితోడు ఉపవాసాలొకటి" అన్నాడు చూడడానికి వచ్చిన బాబాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి మాత్రం అలా తేల్చెయ్యలేదు. నాకంటే పదేళ్ళు చిన్నది. అందర్నీ బయటికి పంపి, అమ్మ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "విరేచనం నల్లగా అవుతోందా అమ్మా?" అని అడిగింది. అమ్మ నా వైపు చూసి, తల దించుకుని, "మూడు నెలల నుంచీ" అంది. ఎందుకు చెప్పలేదంటే, "నీరసంగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు కదా, అవి వేసుకుంటే నల్లగానే అవుతుందన్నారు" అంది. అది నిజమే. ఐరన్ మాత్రలకి అలా అవుతుంది. కడుపులో రక్తం కారుతున్నా అలాగే అవుతుంది. రక్తం పోతున్నందువల్ల వచ్చిన నీరసానికి ఇచ్చిన మందే, రక్తం పోతున్న సంగతిని కప్పిపెట్టింది.

ఎండోస్కోపీలో పుండు కనిపించింది. అప్పుడు తెరిచాను రేకు డబ్బాని. మోకాళ్ళ నొప్పుల మాత్రలు. వాటి కింద ఆస్పిరిన్, 75 మిల్లీగ్రాములది. రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదం ఇంకా పెరుగుతుందని ఆ అమ్మాయి చెప్పింది. "ఆస్పిరిన్ ఎందుకమ్మా వేసుకుంటున్నారు? గుండెపోటు వచ్చిందా? స్టెంటు వేశారా? పక్షవాతం?" అన్నిటికీ అమ్మ తల అడ్డంగానే ఊపింది. "మరి ఎవరు రాశారు?"

ఎవరూ రాయలేదు. 2010లో నాన్నకి స్టెంటు వేశాక, తర్వాతి చూపింపుకి ఇద్దరూ వెళ్ళారు. నాన్నని చూసి, పక్కనున్న అమ్మ బీపీ కూడా చూసి, "ఆవిడనీ రోజుకొకటి వేసుకోమనండి, గుండెకి మంచిది" అన్నారు ఆ డాక్టరుగారు. అన్నది అమ్మతో కాదు, నాన్నతో. అప్పటినుంచి నాన్న మందులతోపాటే అమ్మదీ. ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే మెడికల్ షాపులో కొత్త స్ట్రిప్పు. పద్నాలుగేళ్ళకు పైగా.

ఇక్కడిదాకా ఇది మా ఇంటి కథ. ఇలాంటివి ఇంటింటా ఉంటాయి. దీన్ని ఇక్కడ రాయడానికి కారణం వేరే ఉంది. 2018లో ఆస్పిరిన్ గురించి వచ్చిన కొత్త పరిశోధనల వార్త నేను చదివాను. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి అది మేలు కంటే కీడు చేయొచ్చని. చదివి కంగారుపడి ఇంటికి ఫోన్ చేసి, నాన్న మందు మార్చాలేమో కనుక్కోమన్నాను. స్టెంటు ఉన్నవాళ్ళకి అది వర్తించదని, మానకూడదని డాక్టరుగారు చెప్పారు. హమ్మయ్య అనుకున్నాను. ఫోన్ ఎత్తింది అమ్మే. డాక్టరుగారిని అడిగి వచ్చి నాకు చెప్పిందీ అమ్మే. ఆ వార్త ఎవరి గురించి రాశారో ఆ మనిషే అటువైపు ఉంది. నాకు తట్టలేదు.

నా పీహెచ్‌డీ సాహిత్యంలో. 'పాఠకుడు' అని విమర్శకులు రాసినచోటల్లా అక్కడ పాఠకురాలికి చోటుందా అని అడగడమే పదేళ్ళుగా నా పని. ఏ వాక్యం చూసినా, ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవర్ని మనసులో పెట్టుకుని అన్నారు అని ఆరా తీయడం అలవాటు. అలాంటి నేను 'గుండె రోగి' అన్న మాట చదవగానే నాన్ననే ఊహించుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మందుల చీటీని కూడా ఒక పాఠంలాగే చదవాలనిపించింది. 'రోజుకొకటి, గుండెకి మంచిది.' ఈ వాక్యం ఎక్కడ పుట్టింది? ఎవరి గుండెకి?

అమెరికాలో 1980లలో జరిగిన 'ఫిజీషియన్స్ హెల్త్ స్టడీ' దీనికి మూలాల్లో ఒకటి. 22,071 మంది డాక్టర్లు పాల్గొన్నారు. సగంమందికి రోజు విడిచి రోజు ఆస్పిరిన్, సగంమందికి మందులేని ఉత్త బిళ్ళ. గుండెపోట్లు బాగా తగ్గాయని 1988లో తొలి నివేదిక, 44 శాతం తగ్గాయని 1989లో తుది నివేదిక వచ్చాయి. ఫలితం అంత స్పష్టంగా ఉందని ఆ భాగాన్ని ముందే ఆపేశారు కూడా. ఆ 22,071 మందిలో ఒక్క స్త్రీ లేదు. అందరూ మగ డాక్టర్లే. ఆ వయసు ఆడ డాక్టర్లు అప్పట్లో సరిపడా లేరని వివరణ. ఎందుకు లేరన్నది మళ్ళీ ఇంకో కథ. చదువులో చోటివ్వకపోవడం వల్ల, ఆ చదువు పుట్టించిన జ్ఞానంలోనూ చోటు లేకుండా పోయింది.

44 శాతం అన్న మాటని కూడా కాస్త విప్పి చూడాలి. ఉత్త బిళ్ళ వేసుకున్న లక్షమందిలో ఏడాదికి సుమారు 440 మందికి గుండెపోటు వస్తే, ఆస్పిరిన్ వేసుకున్న లక్షమందిలో సుమారు 255 మందికి వచ్చింది. అంటే ఏడాదిలో లక్షకి 185 మంది తప్పించుకున్నారు. వాళ్ళకది ప్రాణమే, చిన్న విషయం కాదు. మిగతా అందరూ మాత్రం ఆ మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా ఆ ఏడాది గుండెపోటు విషయంలో ఒకేలా ఉండేవాళ్ళు. ఈ రెండో లెక్క చెప్పి ఎవరైనా అమ్మని "వేసుకుంటావా?" అని అడిగి ఉంటే?

ఆడవాళ్ళని అడగడానికి 2005 దాకా పట్టింది. 'విమెన్స్ హెల్త్ స్టడీ'లో 45 ఏళ్ళు దాటిన 39,876 మంది స్త్రీలు, వైద్యరంగంలో పనిచేసేవాళ్ళు, ఎక్కువమంది నర్సులు, పదేళ్ళపాటు రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌నో ఉత్త బిళ్ళనో మింగారు. వచ్చిన జవాబు మగవాళ్ళ జవాబు కాదు. మొత్తమ్మీద గుండెపోట్లు తగ్గలేదు. పక్షవాతం 17 శాతం తగ్గింది. 65 దాటినవాళ్ళలో గుండెపోట్లూ కొంత తగ్గాయి. రక్తం ఎక్కించాల్సినంత కడుపు రక్తస్రావం మాత్రం ఆస్పిరిన్ వైపు పెరిగింది. మగ డాక్టర్ల మీద చూసి చెప్పిన మాటని ఆడవాళ్ళకి అప్పగించేసిన ఏళ్ళన్నీ తలుచుకుంటే, ఈ జవాబు ఎంత ఆలస్యమో తెలుస్తుంది.

2018లో వచ్చినవి ఇంకా తేటగా ఉన్నాయి. ఆస్ట్రేలియా, అమెరికాల్లో జరిగిన 'ఆస్ప్రీ' అధ్యయనంలో 19,114 మంది పెద్దవాళ్ళు, దాదాపు అందరూ 70 దాటినవాళ్ళు, సగానికి పైగా స్త్రీలు. రోజూ ఆస్పిరిన్ వేసుకున్నందువల్ల వైకల్యం లేకుండా బతికే కాలం పెరగలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం వెయ్యికి 28 ఉండాల్సింది 38 అయ్యాయి. అదే ఏడాది బ్రిటన్‌లో షుగరు ఉన్న 15,480 మందిలో చేసిన 'అసెండ్' అధ్యయనంలో మేలూ కనబడింది, కీడూ కనబడింది. సుమారు ఏడేళ్ళలో గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదాలు వెయ్యికి 96 నుంచి 85కి తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు 32 నుంచి 41కి పెరిగాయి. ఇవన్నీ చూశాక, అమెరికాలో రోగనివారణ గురించి ప్రాథమిక వైద్యులకి సూచనలిచ్చే నిపుణుల బృందం 2022లో, గుండెజబ్బు లేనివాళ్ళకి 60 ఏళ్ళు దాటాక ముందుజాగ్రత్త పేరుతో ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టొద్దని చెప్పింది. 40 నుంచి 59 మధ్యవాళ్ళలో ముప్పు ఎక్కువున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలంది. ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళకి, స్టెంటు ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు. వాళ్ళు సొంతంగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నాన్న మాత్ర నాన్నకి అవసరమే. అమ్మ డబ్బాలోకి వచ్చేసరికి అది వేరే మాత్ర అయిపోయింది.

ఇప్పుడు నన్ను వదలని ప్రశ్నకి వస్తాను. తప్పెవరిది? ముందు ఆ డాక్టరుగారి మీద కోపం వచ్చిన మాట నిజం. నెమ్మదిగా లెక్క చూసుకుంటే ఆ కోపం నిలవలేదు. 2009లో అదే నిపుణుల బృందం, 55 దాటిన స్త్రీలకి రక్తస్రావం ముప్పు కంటే మేలు ఎక్కువనిపిస్తే పక్షవాతం రాకుండా ఆస్పిరిన్ ఇవ్వొచ్చనే చెప్పింది. అమ్మకి అప్పుడు 52. మూడేళ్ళ తేడాకి ఆయన్ని బోనెక్కించలేను. ఆనాటి జ్ఞానంతో, మంచి మనసుతోనే చెప్పారు. తప్పు 2010లో జరగలేదు. ఆ తర్వాత, ప్రతి నెలా కొంచెం కొంచెంగా జరిగింది.

శాస్త్రం మాట మార్చుకోవడం దాని దోషం కాదు. మార్చుకోలేని శాస్త్రం మూఢనమ్మకం అవుతుంది. మాట ఇచ్చినవాళ్ళకి మాట మార్చుకునే హక్కు ఉంది. అయితే ఆ మాట నమ్మి నడుస్తున్నవాళ్ళకి కబురు పంపే బాధ్యత ఎవరిది? కొత్త ఫలితం పత్రికలో అచ్చవుతుంది, సదస్సులో చప్పట్లు అందుకుంటుంది, డాక్టర్ల ఫోన్లలోకి వస్తుంది. తెనాలిలో రేకు డబ్బా తెరిచే మనిషిదాకా రాదు. 'వేసుకో' అన్న మాట ఆమె చెవిన పడడానికి ఒక్క నిమిషం పట్టింది. 'ఇక వద్దు' అన్న మాట చేరడానికి ఆమె స్పృహతప్పి పడిపోవాల్సి వచ్చింది.

రోజుకి వందమందిని చూసే డాక్టరు పాత రోగులందర్నీ వెతికి పట్టుకుని చెప్పాలా అని అడగొచ్చు. అది కుదరదు. అయితే మందు మొదలుపెట్టేటప్పుడే, 'ఇది ఇందుకోసం, ఇన్నాళ్ళకి మళ్ళీ చూద్దాం' అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అలా చెప్పాలంటే ఎదురుగా ఉన్న మనిషిని ఆ మాట వినాల్సిన మనిషిగా గుర్తించాలి. అమ్మ విషయంలో జరగనిది అదే. ఆమె బీపీ చూశారు. మాట మాత్రం మొగుడితో చెప్పారు. ఎవరితో చెప్పారో వాళ్ళే ప్రశ్న అడగగలరు. పక్కన కూర్చున్న మనిషికి వేసుకోవడమే మిగులుతుంది. ఆడవాళ్ళని లెక్కలో వదిలేసిన పరిశోధనకీ, ఆడమనిషిని గదిలో వదిలేసిన ఆ సంభాషణకీ తేడా కొలతలోనే.

బాబాయి అన్న 'ఆడవాళ్ళకి రక్తం తక్కువేలే' అన్న మాట కూడా ఇందులో భాగమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతమందికి ఉన్నదాన్ని జబ్బుగా చూడడం మానేస్తాం. అది ఆడతనంలో భాగమనుకుంటాం. అందువల్ల ఎక్కడో రక్తం పోతోందేమో అని వెతకాలని కూడా తోచదు. అమ్మ నీరసానికి ఐరన్ ఇచ్చినవాళ్ళు, ఆ రక్తం ఎటు పోతోందని అడగలేదు. మూడు నెలలుగా ఆమె కూర్చునీ లేచీ వంట చేస్తుంటే నేనూ అడగలేదు.

ఇక్కడ అమ్మ మాట కూడా చెప్పాలి. లేకపోతే నేనూ ఆమెను వదిలి నాన్నతో మాట్లాడినట్టే అవుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆస్పిరిన్ ఇక వద్దన్నారని చెప్పి స్ట్రిప్పు తీసేస్తుంటే, అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "ఆవేళ ఆయన నన్ను కూడా కలుపుకుని చెప్పారే, నాకెంత సంబరమైందో! మీ నాన్న గుండె గురించి ఇంటిల్లిపాదీ ఆలోచించారు. నా గుండె గురించి ఆలోచించింది ఆయనొక్కరే. ఇప్పుడు అదీ తీసేస్తే ఇంక నా సంగతెవరిక్కావాలి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె దృష్టిలో అది మందు కాదు, పట్టించుకున్నారనడానికి గుర్తు. 1991లో బెర్నడైన్ హీలీ అనే హృద్రోగ నిపుణురాలు, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకి తొలి మహిళా డైరెక్టరు, ఒక సంపాదకీయం రాశారు. గుండెజబ్బులో తానూ మగవాడిలాంటి రోగినే అని నిరూపించుకుంటే తప్ప స్త్రీకి సరైన వైద్యం అందడం లేదన్నారు. దానికి 'యెంటిల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. యెంటిల్ ఐజాక్ బషెవిస్ సింగర్ కథలోని యూదుల అమ్మాయి. మతగ్రంథాలు చదువుకోవడం కోసం మగవేషం వేస్తుంది. ఆ కథ నేను చాలాసార్లు చదివాను. అమ్మ మాట విన్న తర్వాత అది ఇంకోలా అర్థమైంది. అమ్మ వేషం వెయ్యలేదు. నాన్న మాత్ర మింగింది. నాన్నతో సమానంగా లెక్కలోకి రావడానికి ఆమెకు దొరికిన దారి అదొక్కటే.

సమానత్వం అంటే అదే మాత్ర ఇవ్వడం కాదని మనం వేదికల మీద ఎన్నోసార్లు చెప్పుకుంటాం. ఈ మాత్రే అందుకు సాక్ష్యం చెబుతోంది. ఇదే ఆస్పిరిన్‌ని ఆడవాళ్ళ సొంత ప్రశ్నతో పరీక్షిస్తే ఏమైందో చూడండి. గర్భిణుల్లో బీపీ పెరిగి గుర్రపువాతానికి దారితీసే ప్రీఎక్లాంప్సియా అనే స్థితి ఉంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆ ముప్పు ఎక్కువున్న గర్భిణులకి మొదటి మూడు నెలల చివర్లో మొదలుపెట్టి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. నెలలు నిండకముందే కాన్పు చేయాల్సినంత తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. మందు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి అర్థమే లేదు. ఎవరికి, ఎప్పుడు, దేనికి అన్నవే ప్రశ్నలు. అవి అడగాలంటే ఆ 'ఎవరు' ఎదురుగా కనబడాలి.

కాబట్టి అమ్మకి మేం బాకీ ఉన్నది మాత్ర తీసేయడం ఒక్కటే కాదు. తీసేసినచోట శ్రద్ధ పెట్టాలి. ఆ డాక్టరమ్మాయి చెప్పిన పనులు చాలా మామూలువి. బీపీ క్రమంగా చూసుకోవడం, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు, మోకాళ్ళకి కడుపుని కాల్చని ఉపాయం. ఛాతీలో నొప్పి వస్తే సరే, అది లేకుండా ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, అంతుపట్టని అలసట వచ్చినా గ్యాసనుకుని పడుకోకుండా చెప్పడం. చెబితే వినడం మా పని.

ఇప్పుడు అమ్మ రేకు డబ్బాలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. ప్రతి మందుకీ ఒక పేజీ. ఎందుకు, ఎప్పటినుంచి, ఎవరు చెప్పారు, మళ్ళీ ఎప్పుడు అడగాలి. అమ్మ దస్తూరీయే. ఆస్పిరిన్‌కీ ఒక పేజీ పెట్టింది. 'ఎందుకు' అన్నచోట ఖాళీ వదిలేసింది.

కిందటి నెల నాన్న చూపింపుకి నేనూ వెళ్ళాను. డాక్టరుగారు నాన్న చీటీ రాయడం అయిపోయాక, "ఇంట్లో ఆవిడ కూడా బాగానే ఉన్నారు కదా?" అని నాన్నని అడిగారు. నాన్న నోరు తెరిచేలోపే అమ్మ సంచిలోంచి నోటుపుస్తకం తీసి బల్లమీద పెట్టింది. "నన్నడగండి డాక్టరుగారూ. నాకు వేరే చీటీ రాయండి" అంది.